నార్మల్ గడి

అంబాజీపేట సెంటర్లో
కొబ్బరికాయల లారీలు లెక్క చూసుకునే చోట
మందుల షాపు మీది మేడగది నా లాబు.
షుగరు, టైఫాయిడు, నీళ్లోసుకున్న పిల్లల సిగ్గు,
ఇరవై రెండేళ్లుగా ఇవే నా కొలతలు.

ఆ రాత్రి పదకొండున్నరకి
పశువుల డాక్టరు సుభాషిణిగారు మెట్లెక్కి వచ్చి
ఊదారంగు మూత గొట్టం చేతిలో పెట్టారు.
ఇంకా వెచ్చగా ఉంది.
"ఎవరిదండీ?"
"సర్కస్ ఏనుగుది. చెవి వెనక నరంలోంచి తీశాను.
లద్ది వేసి నాలుగు రోజులైంది."

ఫారం మీద రాశాను:
పేరు రూపాలి. వయసు నలభై ఒకటి. స్త్రీ.
ఇంటిపేరు దగ్గర తోచక ఒక గీత.

పీచు మిల్లు వెనక కట్టేశారట.
ఆకలేసిన తొండం ఊరుకుంటుందా,
తడిసిన పీచు కట్టలకి కట్టలు లాక్కుని మింగిందిట.
రోజూ కొబ్బరాకు నమిలే నోరు,
పీచుని పరాయిదనుకోలేదు పాపం.

మిషన్లో పెడితే మిషన్ తప్పంది.
మళ్లీ పెట్టాను, మళ్లీ తప్పంది.
గాజుపలక మీద బొట్టు సాగదీసి, రంగు పోసి,
మైక్రోస్కోపు మీదికి వంగాను.
ఎర్రకణాలు పెద్దపెద్దవి, తీరుబడిగా,
చిల్లు పెట్టబోయి వదిలేసిన గారెల్లా.
తెల్లవాటిలో ఒక రకం చూసి గతుక్కుమన్నాను:
ఒకే గదిలో రెండు గింజలు, నడుమ సన్నటి దారం.
డాక్టరమ్మ ఎవరికో ఫోన్ చేసి అడిగి,
"కంగారొద్దు, ఆ జాతికి అవంతే" అన్నారు.
కంగారు వేరేచోట ఉంది.
పోట్లాటకి బయల్దేరిన కణాల్లో
మీసాలు రాని లేతవి కూడా ఉన్నాయి.
సన్నగొట్టంలో వేసి తిప్పితే
ఎరుపు యాభైమూడు దాకా ఎక్కి కూచుంది.
పైన తేరిన పసుపునీరు చిటికెడు.

ఎంత ఉండాలి మరి?
ఒక పుస్తకం ముప్పై అయిదంది, ఇంకోటి నలభై.
మా ఫారంలో అచ్చేసిన నార్మల్ మనుషులది.
అది కొట్టేసి, ఆ గడి ఖాళీగా ఇచ్చాను.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
గుర్రపుడెక్క తూముకి అడ్డం పడ్డప్పుడు
కాలవకేసి చూసేవాడు కాదు,
సైకిలెక్కి దిగువ చేలకి పోయి నెర్రెలు చూసి వచ్చేవాడు.
ఆ రాత్రి నేనూ అదే పని చేశాననుకుంటాను.
ఎగువన, నేనెప్పుడూ చూడని ఆ కడుపులో
నీరంతా చేరి నిలబడిపోయింది.

మావటి జైనుల్. అస్సాం వాడు.
పూటపూటకీ గొట్టం లుంగీ మడతలో దోపుకొచ్చేవాడు.
తెలుగు రెండే మాటలు వచ్చు:
తినదు. తాగదు.

నలభై సీసాల సెలైను. బిందెలకొద్దీ గోరువెచ్చటి నీళ్లు.
డాక్టరమ్మ చెయ్యి భుజం దాకా లోపలికి.
మూడోనాటికి ఎరుపు నలభై ఒకటికి దిగింది.
సంబరపడి ఫోన్ చేశాను.
"అది మనం ఎక్కించిన నీరండీ,
దాని సొంత కబురు కాదు" అన్నారావిడ.
పొటాషియం మాత్రం పడిపోతోందని చెప్పాను.
సాయంత్రానికి దింపువాళ్లు, రిక్షావాళ్లు
తలా నాలుగు బొండాలు మోసుకుపోయి కొట్టిపోశారు.
కొన్ని తాగింది. కొన్ని వాళ్ల మీదే చిమ్మిందిట.

ఆరోనాటి రాత్రి జైనుల్ గొట్టం లేకుండా వచ్చాడు.
నేను కుర్చీలోంచి లేచాను.
జనం మూత్రం సీసాలు పెట్టే బల్ల మీద
అరిటాకు పొట్లం పెట్టి విప్పాడు.
పసిపిల్ల తలకాయంత పీచు ముద్ద.
ఆ వాసనకి కింద మందుల షాపువాడు పైకొచ్చాడు.
"వేసింది" అన్నాడు జైనుల్.
మూడో మాట అదే.

వారం ఆగి, బాగున్నప్పుడు
ఇంకో గొట్టం తెచ్చిపెట్టమన్నాను,
గడి నింపుకోవాలని.
"ఆయ్" అన్నాడు అచ్చం మా ఊరివాడిలా.
నాలుగోరోజు డేరా ఎత్తేశారు.

ఆ ఫారం సొరుగులోనే ఉంది.
రావులపాలెం బస్సు ఆగి,
లుంగీ మడతలో చెయ్యి పెట్టుకుని ఎవరైనా మెట్లెక్కుతుంటే
పెన్ను మూత తీస్తాను.